ఆకుపచ్చ డాబా

మునిసిపల్ ఆఫీసు మ్యాపుల సెక్షన్‌లో పనిచేసే ఆయన్ని అందరూ స్కేలు అంటారు. ఎదురుగా అయితే స్కేలుగారు, వెనకాల అయితే ఉత్త స్కేలు. ఆ పేరు పెట్టినవాళ్లు ఎప్పుడో రిటైరై వెళ్లిపోయారు గానీ పేరు మాత్రం ఆయన్ని వదిలి పోలేదు. ముక్కుసూటి మనిషి. గీసిన గీత గీసిందే. బావమరిది వచ్చి గడ్డం పట్టుకు బతిమాలినా, పైఆఫీసరు పిలిచి టీ తాగించినా, ఆ గీత వెంట్రుకవాసి జరిగేది కాదు. ఇలాంటి మనిషిని అందరూ మెచ్చుకుంటారు, పెళ్లికి పిలవడం మాత్రం మర్చిపోతారు.

ఆ ఏడాది సెక్షన్ నెత్తిన ఒక కొత్త పని వచ్చి పడింది. ఊళ్లో డ్రోన్లు ఎక్కువైపోయాయి. పెళ్లి ఫొటోలవాళ్లది ఒకటి, స్థలాలు అమ్మేవాళ్లది ఒకటి, పనీపాటా లేక సరదాకి ఎగరేసేవాళ్లది ఇంకొకటి. ఆరేసిన బట్టల మీదా ఆసుపత్రి కిటికీల ముందూ జోరీగల్లా తిరుగుతున్నాయని జనం గోల పెట్టారు. చివరికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఊరి మ్యాపుకి రెండు రంగులు వేయాలి. ఎరుపు పడిన చోట డ్రోను ఎగరకూడదు. ఆకుపచ్చ పడిన చోట ఎవరైనా సరే, ఎవర్నీ అడక్కుండా, పైనుంచి ఎన్ని ఫొటోలైనా తీసుకోవచ్చు. జైలు, ఆసుపత్రి, మంచినీళ్ల రిజర్వాయరు, వీటి చుట్టూ ఎరుపు. తక్కిన ఊరంతా ఆకుపచ్చ.

"మధ్యలో ఇంకో రంగు లేదా మేడం? అడిగి తీసుకోవాలి అనేలాగా?" అని అడిగాడు స్కేలు.

"ఉంటే ఆ అడిగేవాళ్లందరూ వచ్చేది మన దగ్గరికే కదండీ" అంది సెక్షన్ హెడ్ మేడం. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని దాని కోసమే టేబులంతా వెతికే మనిషి ఆవిడ. మనసు మంచిది, తీరిక తక్కువ.

రిజర్వాయరు చుట్టూ గుండ్రంగా గీత గీస్తే ఇళ్లు వాటంతటవే పక్కకి జరగవు కదా. గీత కొన్ని ఇళ్ల నడుమనించి పోయింది. ఇలాంటి వాటికి సెక్షన్‌లో తాతల నాటి పద్ధతి ఒకటుంది. వార్డు సరిహద్దయినా, నీటిపన్నయినా, గీత ఇంటిని కోసుకుంటూ పోతే ఆ ఇంటి వీధిగుమ్మం ఎటు తెరుచుకుంటే ఇల్లు మొత్తం అటే లెక్క. ఎవరో పెద్దమనిషి పెట్టిన పద్ధతి, ఎప్పుడూ పేచీ రాలేదు. స్కేలుకి ఆ పద్ధతి అంటే ప్రాణం.

అలా ఒక్కో ఇంటి గుమ్మం చూసుకుంటూ రంగులు వేస్తూ పోతుంటే ఒక ఇంటి దగ్గర ఆయన చెయ్యి ఆగింది. గీత ఆ ఇంటి వంటగదిలోంచి పోతోంది. సరిగ్గా పొయ్యికీ సింకుకీ మధ్యలోంచి. ఆ ఇల్లు ఆయనదే.

"అయితే మా ఆవిడ వంట ఎరుపులో చేసి అంట్లు ఆకుపచ్చలో తోముతుందన్నమాట" అని తనలో తానే నవ్వుకున్నాడు. ఆయన వేసే జోకులు ఈ మాత్రంగానే ఉంటాయి.

నవ్వు ఆగాక గుమ్మం సంగతి గుర్తొచ్చింది.

ఆ ఇంటికి మొదట గుమ్మం రిజర్వాయరు వైపే, పెద్దరోడ్డు మీదికి ఉండేది. దాన్ని మూయించింది ఆయనే. చెల్లెలి కోసం మూయించాడు.

ఆ చెల్లెలు ఇంట్లో అందరికీ చంటి. తల నెరుస్తున్నా చంటే. ఒకప్పుడు హోటళ్ల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఇస్త్రీ మిషన్ మీద పనిచేసేది. నోరు తెరిస్తే మూసేది కాదు. లాండ్రీలో మిషన్ల మోత మీద కూడా దాని గొంతే వినిపించేదని అక్కడివాళ్లు చెప్పుకునేవాళ్లు. ఒకరోజు ఆవిరిగొట్టం పగిలింది. ఎడమచెంప, చెవి, మెడ కాలిపోయాయి. ప్రాణం దక్కింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున పెద్దరోడ్డు మీద జనం చూశారు. చూసినవాళ్లకన్నా, చూడకూడదని చటుక్కున మొహం తిప్పుకున్నవాళ్లే ఆమెని ఎక్కువ బాధపెట్టారు. ఆ రోజు గుమ్మంలో అడుగుపెట్టిన చంటి మళ్లీ ఆ గుమ్మం దాటలేదు.

అన్నగా ఆయన చేయగలిగిందేదో చేశాడు. రోడ్డు వైపు గుమ్మం ఇటుకలతో పూడ్పించి బీరువా అడ్డం పెట్టాడు. వెనక మనుషులు తిరగని సందులోకి కొత్త గుమ్మం పెట్టించాడు, ఎప్పుడైనా మనసు పుడితే అటునించి నాలుగడుగులు వేస్తుందని. అదీ వేయలేదు. అప్పుడు డాబా మీద పిట్టగోడని నాలుగు వైపులా మనిషెత్తుకి మించి లేపించాడు. పక్క మేడ మీదివాడు కుర్చీ వేసుకు నిలబడినా లోపలిది కనబడదు. చంటి మొదటిసారి డాబా ఎక్కి, నాలుగు గోడలూ చుట్టూ తిరిగి చూసుకుని, మెల్లగా స్కార్ఫు విప్పింది. కింద మెట్ల మీద నిలబడి చూసిన వదినకి కన్నీళ్లాగలేదు.

అప్పట్నించీ డాబానే ఆమెకి వీధి, పార్కు, పేట, అన్నీ. పొద్దునా సాయంత్రం అక్కడే. కుండీలు పెట్టింది. కుండీలకి పేర్లు పెట్టింది. మిరపమొక్క పేరు వదిన. పూయకుండా కాయకుండా నిటారుగా నిలబడ్డ ఒక మొక్క పేరు అన్నయ్య. ఈమధ్య పాటలు కూడా మొదలయ్యాయి. "కొంచెం చిన్నగా పాడవే, మొక్కలు వాడిపోతాయి" అని కింద నుంచి వదిన అరిచేది. ఇంట్లో ఆ మాత్రం సందడి మళ్లీ వస్తుందని ఎవరూ అనుకోలేదు.

మ్యాపు ముందు చెయ్యి ఆగిపోయిన స్కేలు వెనకాల మేడం వచ్చి నిలబడింది. నెత్తి మీది కళ్లజోడు దించుకుని చూసింది.

"ఇది మీ ఇల్లే కదూ? గీత మధ్యలోంచే పోతోంది. ఎటు వేసుకుంటారో వేసుకోండి. నేను అటు తిరుగుతాను" అని నిజంగానే కిటికీ వైపు తిరిగింది.

ఆవిడ తిరిగినంతసేపు చాలు. ఒక్క వేలు కదిపితే ఇల్లు ఎరుపులోకి పోయేది. కానీ ఆయన స్కేలు. "గుమ్మం సందు వైపుంది మేడం. పద్ధతి ప్రకారం ఆకుపచ్చే" అన్నాడు. కొంచెం గర్వంగా కూడా అన్నాడేమో, చెప్పలేం. పైగా ఆయన మనసులో అనుమానమేమీ లేదు. గోడలు లేపించాను కదా, ఎవరు చూస్తారు అనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి చేసిన ఉద్యోగమే పైనుంచి ఊరిని చూడటం. పైనుంచి చూసినప్పుడు ఆయనకి ఎప్పుడూ ఇంటికప్పులే కనబడ్డాయి. కప్పు మీద ఒక మనిషి ఉండొచ్చన్న ఆలోచనే ఆ బుర్రకి తట్టలేదు. ఇలాంటి పొరపాటు మ్యాపులు గీసేవాడు తప్ప ఇంకొకడు చేయడు.

మ్యాపు అచ్చయింది. డ్రోన్లు ఊళ్లో ఎక్కడపడితే అక్కడ తిరగడం తగ్గింది, అబద్ధం చెప్పకూడదు. అయితే రిజర్వాయరు నీళ్ల ఫొటో అంటే అందరికీ మోజు. ఎరుపులో ఎగరేస్తే జరిమానా. అంచున నిలబడి ఎగరేసి, దూరం నుంచి నీళ్లు పడేలా తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. అంచు అంటే స్కేలుగారి సందే. ఊళ్లో డ్రోన్లన్నీ తరుముకుంటూ వచ్చి ఆయన ఇంటి నెత్తిన చేరాయి.

ఒకరోజు పొద్దున చంటి డాబా మీంచి తొందరగా దిగొచ్చింది. స్కార్ఫు చేతిలో ఉంది, కట్టుకోలేదు.

"వదినా, పైన ఏదో తిరిగింది. మన పాత ఫ్యాను మోతలా వినిపిస్తే తలెత్తి చూశాను. నల్లగా ఉంది. నన్నే చూస్తున్నట్టు కాసేపు అలాగే నిలబడిపోయింది."

"గద్దేమోలేవే."

"గద్ద నిలబడుతుందా?"

ఆ సాయంత్రం ఆమె డాబా మీదికి స్కార్ఫు కట్టుకునే వెళ్లింది. పాట వినబడలేదు.

సందు చివర బస్టాపు పక్కన కొత్త ఫ్లాట్లు లేస్తున్నాయి. స్థలం చుట్టూ రేకుల కంచె. కొన్నాళ్లకి ఆ కంచె పొడుగునా ఒక పెద్ద ఫొటో అతికించారు. మెరిసిపోతున్న రిజర్వాయరు నీళ్లు, ఇటువైపు ఇళ్లు, 'మీ కిటికీలోంచి ఇదే దృశ్యం' అని పెద్దక్షరాలు. కూరలు తేవడానికి వెళ్లిన వదిన ఆ ఫొటో ముందు సంచీతో సహా నిలబడిపోయింది. ఫొటో కింది మూలలో వాళ్ల డాబా. కుండీలు. మిరపమొక్క. మధ్యలో స్కార్ఫు లేకుండా, మొహం పూర్తిగా పైకెత్తి, చంటి. అంత పెద్ద ఫొటోలో ఆ మొహం అరిచేయంత ఉంటుంది. ఎడమచెంప ఎండలో స్పష్టంగా పడింది.

ఆవిడ కూరలు కొనకుండానే ఇంటికొచ్చింది. మొగుడు వచ్చేదాకా వంటగదిలోంచి బయటికి రాలేదు.

భార్య చెప్పింది వింటూనే స్కేలు చెప్పులేసుకుని బయల్దేరాడు. వెళ్లి చూశాడు. తర్వాత ఫొటో తీసినతన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. మార్కెట్ వెనక చిన్న స్టూడియో, పాస్‌పోర్టు ఫొటోలకి నీలం తెర, అద్దం, దువ్వెన. నడివయసు మనిషి. కుర్చీ దుమ్ము దులిపి మరీ కూర్చోబెట్టాడు.

"సార్, ఆ ఫొటోలో నా తప్పేమీ లేదు. కావాలంటే చూడండి" అని ఫోన్‌లో మ్యాపు తెరిచి చూపించాడు. "మీ సందు ఆకుపచ్చ. అడగక్కర్లేదన్నారు, అడగలేదు. ఈ మ్యాపు మీ ఆఫీసుదే కదా."

"ఆఫీసుదే" అన్నాడు స్కేలు. నేనే గీశాను అనడానికి నోరు రాలేదు.

"ఆవిడ ఎవరో నాకు తెలీదు సార్. ఇళ్లన్నీ ఖాళీగా, బోసిగా వచ్చాయి. ఈ ఒక్క దాంట్లో మనిషి తలెత్తి చూస్తోంది. ఊరికి ప్రాణం వచ్చినట్టు అనిపించింది. అందుకే ఇదిచ్చాను. చెంప సంగతి అసలు చూడలేదంటే నమ్మండి." ఫ్లాట్లవాళ్లకి అక్కడికక్కడే ఫోన్ చేసి, మాట్లాడి పెట్టేశాడు. "నా దగ్గరున్నది ఇప్పుడే చెరిపేస్తాను. కానీ అక్కడ అతికించింది ఫ్లాట్లవాళ్లు. ఇప్పుడు మీ ముందే అడిగాను కదా. మునిసిపాలిటీ తీయమని చెబితే తీస్తాం, లేకపోతే ఎందుకు తీయాలి అన్నారు."

తిట్టుకోవడానికి కూడా ఆ మనిషి అవకాశం ఇవ్వలేదు. ఒక దుర్మార్గుడు దొరికి ఉంటే స్కేలుకి ఆ రోజు కొంత నయంగా ఉండేది.

మర్నాడు మేడం ముందు నిలబడ్డాడు. అంతా చెప్పాడు. ఆవిడ విని, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఆకుపచ్చలో తీసిన ఫొటో తీయించాలంటే ఒకటే దారి స్కేలుగారూ. అందులో ఉన్న మనిషి స్వయంగా ఆఫీసుకి వచ్చి ఆ ఫొటో కాపీ పక్కన నిలబడాలి. కమిటీ చూసి, అవును, గుర్తుపట్టేలా ఉంది అంటే తీయమని చెబుతాం."

"మొహం చూపించాలా?"

"మొహం చూడకుండా మొహం అదేనని ఎలా చెప్తారు?"

"ఆమె గుమ్మమే దాటదు మేడం. నేనొస్తాను. అన్నని నేను."

"ఫొటోలో మీరు లేరు కదా." ఆవిడ గొంతు తగ్గించింది. "కమిటీలో అందర్నీ ఆడవాళ్లనే వేస్తాను. తలుపులు మూయిస్తాను. అంతకుమించి నాకు చేతకాదు."

"పోనీ ఇంటిని ఎరుపులోకి..."

"అచ్చయిన మ్యాపు. మళ్లీ ఎప్పుడు సవరిస్తారో పైవాళ్లకే తెలియాలి. అప్పుడైనా గుమ్మం సందులో ఉంటే ఏం చేస్తాం? రోడ్డు వైపుకి మార్చుకుంటారా?" అని, ఇంకేదో అనబోయి మింగేసింది. ఆ రోజు నేను అటు తిరిగాను కదా అన్నది ఆ మాట. ఆవిడ అనకపోయినా ఆయనకి వినిపించింది.

రోడ్డు వైపు గుమ్మం తెరిస్తే మళ్లీ పెద్దరోడ్డు, మళ్లీ జనం. డాబా కావాలంటే ఆ రోడ్డుని ఇంట్లోకి రానివ్వాలి. రోడ్డు వద్దంటే డాబా పోయినట్టే. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆయన ఇదే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎటు తిప్పినా అంతే. ఏడుపొచ్చింది, నడిరోడ్డు మీద ఏడిస్తే బాగుండదని ఆపుకున్నాడు.

ఇంట్లో చంటి ఎదురుచూస్తోంది. వదిన కళ్లు ఉబ్బి ఉన్నాయి. చెప్పేసిందన్నమాట.

"నా ఫొటో పెట్టారట కదా అన్నయ్యా. బాగా వచ్చిందా?"

ఆయన చెప్పులు విప్పి ఓ మూలకి జరిపాడు.

"మనది ఏ రంగు?"

"ఆకుపచ్చ."

"నువ్వే వేశావా?"

"నేనే వేశాను చంటీ. గుమ్మం సందు వైపుందని."

చంటి కాసేపు బీరువా వైపు చూసింది. బీరువా వెనక ఏముందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"నా కోసం మార్చిన గుమ్మమే కదా" అంది మెల్లగా. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే."

తిట్టి ఉంటే బాగుండేది. చేతిలో ఉన్నది విసిరికొట్టినా బాగుండేది. ఆయన అక్కడే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చెల్లెలే వచ్చి వీపు నిమిరింది.

కమిటీ సంగతి ఆయన దగ్గర విని వదిన చంటికి చెప్పింది. అందరూ ఆడవాళ్లే, తలుపులు మూస్తారు, ఒక్కసారి వచ్చి నిలబడితే చాలు, నేను చెయ్యి వదలను అంది. చంటి రాత్రంతా ఆలోచించుకున్నట్టుంది. పొద్దున్నే తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని, స్కార్ఫు బిగించి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "పదండి, నాకు బుద్ధి మారకముందే" అంది. వదిన చెప్పుల జత తెచ్చి కాళ్ల ముందు పెట్టింది. ఎప్పుడో కొన్నవి, ఇంకా కొత్తగానే ఉన్నాయి.

సందంతా నడిచారు. ఒక పక్క అన్న, ఒక పక్క వదిన. సందు మలుపు తిరిగేసరికి ఫొటో కనబడింది. ఆఫీసుకి పోవాలంటే ఆ బస్టాపు దాటే పోవాలి, ఇంకో దారి లేదు. ఆ సంగతి మ్యాపులు గీసే మనిషికి ముందే తట్టాల్సింది.

ఫొటో కింద బస్సు కోసం జనం నిలబడి ఉన్నారు. ఒకతను పేపరు చదువుతున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఒక పెద్దాయన కాళ్లు లాగుతున్నాయేమో, సరిగ్గా ఆ మూలకే, ఆ డాబా మీదే, వీపు ఆనించి నిలబడ్డాడు. ఎవరూ ఫొటో వైపు చూడటం లేదు. బస్సు వచ్చింది, ఆ పెద్దాయన పక్కకి జరిగాడు. ఆయన వీపు వెనక నుంచి చంటి మొహం బయటపడింది.

చంటి చూసింది. చాలాసేపు చూసింది. వదిన చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.

"చూశావా అన్నయ్యా, ఆవిడకి ఎంత ధైర్యమో" అంది. "అంతమందిలో స్కార్ఫు లేకుండా నిలబడింది."

నవ్వుతుందేమో అనుకున్నారు. నవ్వలేదు. వెనక్కి తిరిగింది. ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, గోడవారగా, ఇంచుమించు పరిగెత్తుతున్నట్టు ఇంటికి నడిచింది. వీళ్లిద్దరూ వెనకాలే వెళ్లారు. చెప్పులు గుమ్మం బయట చెరో పక్కా పడి ఉన్నాయి. వదిన వాటిని తీసి, మళ్లీ అటక మీద పెట్టేసింది.

ఇక స్కేలుకి మిగిలిన పని ఒక్కటే. రేకులు తెప్పించి డాబా పైన కప్పించాడు. మనిషెత్తుకి మించి లేపిన గోడల మీద రేకులు సరిగ్గా సరిపోయాయి, కొలిచి కట్టినట్టు. వెలుతురు పడే సందు కూడా లేదు. పనివాళ్లు వెళ్లాక చంటి ఎక్కి చూసింది.

"బాగుంది. వాన పడదు" అంది.

మొక్కలకి ఎండ లేదు. వదిన అని పేరున్న మిరపమొక్క ముందు ఆకులు రాల్చింది. ఒక్కొక్కటే కుండీలు ఖాళీ అయ్యాయి. అన్నయ్య అని పేరున్న మొక్క మాత్రం ఎండిపోయాక కూడా నిటారుగానే నిలబడింది. దాన్ని చూస్తే ఆయనకి ఒళ్లు మండింది. పీకి సందులో పారేశాడు.

ఎండలు ముదిరాయి. పైన రేకులు కాగి ఇల్లంతా కొలిమిలా అయింది. అయినా కొన్నాళ్లుగా పగటిపూట ఇంట్లో ఫ్యాను ఎందుకు తిరగడం లేదో ఆయన పట్టించుకోలేదు. ఆఫీసులో ఉండే మనిషికి ఇంటి సంగతులు ఏం తెలుస్తాయి. ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. తలుపులు మూసి ఉన్నాయి, కిటికీకి తెర వేసి ఉంది, నెత్తిన స్లాబు, దాని పైన రేకులు. చంటి చెంప మీద చెమట ధారగా కారుతోంది.

"ఇంత ఉక్కలో ఫ్యాను వేసుకోరేంటి మీరు?" అని ఆయన లేచి స్విచ్చి నొక్కాడు.

"వద్దండీ" అంది భార్య. అప్పటికే ఆలస్యమైంది. పాత ఫ్యాను గుర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది.

చంటి తలెత్తలేదు. అన్నం ముద్ద కంచంలోనే వదిలేసింది. ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టుకుని, ఎడమచేత్తో భుజం మీది స్కార్ఫుని తడుముకుంటూ లాగి, చెంపనీ చెవినీ మెడనీ గబగబా కప్పుకుంది. అలా కప్పుకుని, తల వంచుకుని, ఆ మోత ఎప్పుడు పోతుందా అని కదలకుండా కూర్చుంది.

ఆయన ఫ్యాను కట్టేశాడు. అది ఆగేదాకా చూసి, వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ముగ్గురూ ఆ ఉక్కలోనే భోజనం చేశారు.